జాంబీలకు రంగు వేసిన పెదనాన్న

మా పెదనాన్న పోయారు. పోయిన బుధవారం పొద్దున ధవళేశ్వరంలో టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఒరిగిపోయారట. పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. ఏడవలేదు. "చేతి రంగు కూడా కడుక్కోలేదురా," అంది.

ఆయన బోర్డులు రాసేవారు. కిరాణా కొట్లు, లారీలు, పడవలు, ఎన్నికలొస్తే గోడలు. "బోర్డు చదివినోడికి కొట్టు గుర్తుండాలి గానీ పెయింటరు కాదురా," అనేవారు. ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గింది, కోపం తగ్గలేదు. అక్షరం వంకరగా కనిపిస్తే ఎవరి కొట్టు ముందైనా సరే, ఆగి మరీ తిట్టేవారు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అన్నయ్య, ఆ పనే నేర్చాడు. ఒకసారి యానాం దగ్గర పడవలకు పేర్లు రాయడానికి పెదనాన్న వెళ్లాల్సింది. జ్వరమొచ్చి అన్నయ్యను పంపారు. మర్నాడే తుపాను. ఆ జ్వరంతోనే వెళ్లి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి శవాన్నీ నాలుగు రోజుల పాటు తిప్పి తిప్పి చూశారు. అన్నయ్య దొరకలేదు.

శవం దొరక్కపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేస్తారు. పెదనాన్న ఒప్పుకోలేదు. "వాడికి నీళ్లు వదలండీ, ఎక్కడ అల్లాడుతున్నాడో," అని పెద్దమ్మ ఏడేళ్లు మొత్తుకుంది. "బతికున్నోడికి నీళ్లేంటే?" అని లేచి వెళ్లిపోయేవారు.

ఆ ఏడో ఏటికి నాకు బెంగళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులం బల్ల మీద బొమ్మలు నిలబెట్టి ఒక ఆట ఆడేవాళ్లం. చచ్చి లేచి తిరిగే శవాలు, జాంబీలు, బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. రంగులు మనమే వేసుకోవాలి. నాకు చేతకాక, దసరా సెలవులకు ఇరవై బొమ్మలు పట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లాను. ఎవరి దగ్గరికి ఏం తీసుకెళ్తున్నానో, బుర్ర ఉంటేగా!

అట్టపెట్టె మీది బొమ్మ చూసి, "ఆకుపచ్చేంట్రా? శవం అలా ఉండదు," అన్నారు. బూడిదరంగులో నీలం, చిటికెడు పసుపు కలిపారు. పెదాలు తెల్లగా వేశారు. నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లకు సన్నటి గీతలు గీశారు. అదంతా ఎక్కడ చూశారో అప్పుడు తట్టింది నాకు. వద్దులెండి పెదనాన్నా అన్నాను. "పట్టిన పని వదలకూడదు," అన్నారు.

వారంలో పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోదానికి మూడు రోజులు పట్టింది. నేను చూసి, ముందూవెనకా ఆలోచించకుండా నోరు జారాను. "వీడు చచ్చినోడిలా లేడండీ, పెదనాన్నా."

అన్నాకగానీ పోల్చుకోలేదు. చామనఛాయ ముఖం, చెవి సందున గీతంత బ్రష్షు, అన్నయ్య వెళ్లిన రోజు తొడుక్కున్న నీలం గళ్ల చొక్కా. నీవల్లే నా కొడుక్కి నీళ్లు దక్కాయని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. నేను మాత్రం నోరు జారిన ఆ మాటకు నన్ను క్షమించుకోలేదు.

పెదనాన్న ఆ బొమ్మను చేతిలోకి తీసుకున్నారు. తర్వాత ఆ బూడిదరంగే బ్రష్షుకు తీసుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా వేశారు. "పంతులుగారికి కబురు పెట్టవే," అన్నారు, లోపలికి వినపడేలా. పెద్దమ్మ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన తలెత్తలేదు. బొమ్మను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తడి ఆరేదాకా ఆ ముఖం మీద మెల్లగా ఊదుతూ కూర్చున్నారు.