గుట్టల పొంటి తొవ్వ

సైకిలు మీద వచ్చిన ఒక మనిషికి దారి చెప్పానని ఆ రోజు ఇంట్లో అన్నాను. అబద్ధం చెప్పానని మాత్రం అనలేదు.

కోరుట్ల అవతల స్టేజీ దగ్గర సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డాను. గేర్ల సైకిలు దిగి, నా వయసువాడే ఒకతను అడిగాడు.

"అన్నా, వేములవాడకు గుట్టల పొంటి సన్న తొవ్వ ఉందట గద. గా తొవ్వల బండ్లు, మనుషులు తక్కువనేనా?"

అంతకు వారం ముందే గుట్టల వెంట పోయే ఆ దారిలో ఉన్న మా బావి దగ్గర మోటారు వైరు ఎవరో కోసుకుపోయారు.

"మనుషులు లేని తొవ్వ నీకెందుకు?"

"ఫ్రాన్సుల వంటపని చేసిన. ఆడ సెలవు దొరికితే ఊర్లల్లకెల్లి గిట్లనే తొక్కెటోన్ని. సప్పుడుండదు, పానం నిమ్మళమైతది."

కట్టుకథ అనుకున్నాను. "గా తొవ్వ తెగిపోయింది. పెద్ద రోడ్డు మీదనే పో" అన్నాను.

కాసేపటికి మా బస్సు అతన్ని దాటింది. లారీల పక్కన, రోడ్డు అంచున తొక్కుతున్నాడు. కిటికీలో నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

ఆరు నెలల తర్వాత సిరిసిల్ల బస్టాండు ముందు అదే సైకిలు, అదే మనిషి. నన్ను చూసి మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి నేనే దగ్గరికి వెళ్లి చెప్పాను.

"అన్నా, గా తొవ్వ మంచిగనే ఉండె. నిన్ను దొంగ అనుకొని అబద్ధం చెప్పిన. తప్పయింది."