ఒడిలో చాంబరు

సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ దిగేవాళ్ళతో “నిదానం, నిదానం” అంటూనే ఉండటం వల్ల ఆయనకు నిదానం అన్న పేరే స్థిరపడిపోయింది. ఆయన బస్సును సైకిళ్ళు దాటిపోయేవి. అయినా ముసలివాళ్ళూ చంటిబిడ్డల తల్లులూ వచ్చిన బస్సు వదిలేసి మరీ ఆయన బస్సు కోసం నిలబడేవాళ్ళు. రిటైరయ్యాక ఒక పాత వ్యాను కొన్నాడు. నలుగురూ వద్దన్న పనులు ఆయన చాలానే చేశాడు గాని, వాటిలో భార్య సరేనన్నది ఇదొక్కటే.

ఆ వ్యానులో తొలి ప్రయాణం ఎవరికోసమో ముందే ఖాయమైపోయింది. భార్యకు అక్క, అంటే నిదానానికి వదిన, కొండల్లోకి కాపురానికి వెళ్ళినావిడ. రైలు తప్ప ఏదీ పడదు ఆవిడకు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది, కారెక్కితే కళ్ళు తిరుగుతాయి. జుట్టు నెరిసిపోయినా సముద్రం ముఖం చూడలేదు. ఈసారి చెల్లెలింటికి వచ్చి కూర్చుని, “మరిదిగారు నడిపితే వస్తాను. ఇంకెవరి బండైనా సరే, నన్నింట్లో వదిలేసి మీరు వెళ్ళి రండి” అని తేల్చేసింది. ఆదివారం సముద్రం, సోమవారం ఆవిడ తిరుగు ప్రయాణం.

గురువారం పొద్దున నిదానం బండి బయటికి తీశాడు. బస్సు ఆపితే చక్రానికి రాయి అడ్డం పెట్టడం ఆయనకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. రాయి పెట్టిందీ ఆయనే, మరిచిపోయిందీ ఆయనే. చక్రం రాయెక్కి దిగింది, కింద టంగుమంది, వాకిలంతా నల్లటి మడుగైంది.

పక్కవీధిలో ఉండే తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తున్నట్టు వచ్చాడు. “అన్నయ్యా, బళ్ళు గుద్దుకోవడం చూశాను గాని, ఆగిన చోటునే గుద్దుకున్న డ్రైవరువి నువ్వే! అద్దెకారు మాట్లాడేయనా?”

“నిదానం,” అన్నాడు నిదానం. “వదిన రాదుగా అందులో.”

పగిలింది ఆయిల్ చాంబరు. ఇంజను అడుగున బోల్టులతో బిగించే రేకు తొట్టి అది. ఇంజను తాగే ఆయిలంతా అందులోనే ఉంటుంది. తొట్టికీ ఇంజనుకూ నడుమ ఆయిల్ కారకుండా చుట్టూ పల్చటి బెండు ప్యాకింగు. ఎంత గొప్ప యంత్రమైనా చివరికి ఇలాంటి తొట్టి మీదా బెండు ముక్క మీదా ఆధారపడాల్సిందే. సముద్రాలు దాటిన వీరుల కథలు కొల్లలుగా ఉన్నాయి, ఓడకు చిల్లుపడితే లోపల కూర్చుని పీచు కూరినవాడి కథ మాత్రం ఎవరూ రాసినట్టు లేరు. ఈ చాంబరుకైతే కూరడానికీ చోటు లేదు. పాత అతుకుల మీద కొత్త అతుకు వెయ్యమంటే వెల్డింగువాడు రెండు చేతులూ జోడించాడు.

అలాంటి వ్యాను తయారవడం ఆగి ఎంతకాలమైందో! ఇక పాత సామాన్ల బజారే దిక్కు. నూనె కారే సామాను బస్సెక్కించకూడదని ఉద్యోగమంతా జనాన్ని దింపేసినవాడు కదా, చాంబరును ఇంట్లోనే వదిలి, దాని అంచును పాత వార్తాపత్రిక మీద పెన్సిలుతో గీసుకుని, బోల్టు రంధ్రాలన్నీ గుర్తుపెట్టుకుని బయల్దేరాడు. బజారులో కాగితం పరిచి చూస్తే ఒక చాంబరు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి బండి కిందికి దూరాడు.

ఈల ఆగిపోయింది.

రంధ్రాలు కలిశాయి, అంచు కలిసింది. కాని పాత చాంబరుకు పొట్ట ముందు వైపు ఉంది, దీనికి వెనక వైపు. ఎత్తి పెడదామంటే అడ్డదూలానికి తగులుతోంది. లోపల ఆయిల్ పీల్చే గొట్టం ముందు నిలబడి వెనకున్న పొట్ట వంక చూస్తోంది.

భార్య వంగి చూసింది. “కాగితం మీద పొట్ట ఎక్కడ కనపడుతుందండీ? పెళ్ళిచూపులకు మీ ఫొటో పంపితే మేమూ ఇలాగే మోసపోయాం.”

“ఇప్పుడేం చేద్దామే?”

“పాతదాన్నే పట్టుకెళ్దాం. నేనూ వస్తాను.”

“బస్సులో నూనె సామాను...”

“మీరు బస్సు దిగి చాలా రోజులైంది గాని, రండి.”

పగిలిన చాంబరును కిరసనాయిలుతో కడిగి, సబ్బుతో తోమి, పాత దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుంది. తప్పు చాంబరు గోనెసంచిలో ఆయన చంకనెక్కింది. శనివారం బస్సు కిటకిటలాడుతోంది. ఒక అమ్మాయి చటుక్కున లేచి నిలబడింది.

“పసివాణ్ణెత్తుకుని నిలబడ్డారేంటి పిన్నిగారూ, కూర్చోండి. మనవడా? పాలు బాగా తాగుతున్నాడా?”

“తాగడానికేం, ఎంతైనా తాగుతాడు తల్లీ. చుక్క నిలవట్లేదు. మొత్తం కిందికే!”

“అయ్యయ్యో! డాక్టరుకు చూపించారా?”

“చూపించాం. అతుకు వెయ్యనన్నాడు.”

నిదానం కిటికీ వైపు తిరిగి దగ్గు నటించాడు. భుజాలు మాత్రం దిగే స్టాపు దాకా ఊగుతూనే ఉన్నాయి.

బజారులో ఇనుము గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. ఇద్దరూ చాంబరును ముందు పెట్టుకుని కొట్టు తరవాత కొట్టు ఎక్కి దిగారు. ఒకదాని అంచు పొడుగు, ఒకదాని పొట్ట పొట్టి. ఎండ నెత్తికెక్కేసరికి, నిన్న సరుకిచ్చిన కొట్టు దగ్గరికే వచ్చి పడ్డారు. కొట్టు యజమానురాలు ఒక స్థూలకాయురాలు, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది.

“అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనండి బాబుగారూ.”

నిదానం ఏదో అనబోతుంటే భార్య ఆయన చెయ్యి గిల్లింది. కొళాయి పక్కన కొట్టు కుక్క నీళ్ళు తాగుతోంది. తాగుతున్నది తొట్టిలోంచి. ఆ తొట్టి పొట్ట ముందు వైపుంది.

దుప్పటి విప్పి పక్కన పెట్టారు. కవల పిల్లలు!

“అది అమ్మను,” అంది యజమానురాలు. “ఆ గిన్నె జోలికెళ్తే మా కుక్క మా ఆయన్నే కరిచింది.”

“అమ్మొద్దమ్మా, మార్చుకుందాం,” అంటూ భార్య గోనెసంచిలోంచి తప్పు చాంబరు తీసి, కొళాయి కింద నింపి, కుక్క ముందు పెట్టింది. కుక్క ఒకసారి వాసన చూసింది. ఒక ప్రదక్షిణం చేసింది. పొట్ట ఎటున్నదో చూసుకుని అటు వైపు మూతి పెట్టి తాగడం మొదలెట్టింది.

“హమ్మయ్య, మీకంటే త్వరగా కనిపెట్టింది,” అంది భార్య, మొగుడితో.

యజమానురాలు పొట్ట పట్టుకుని నవ్వి, బెండు షీటు ఒకటి ఉత్తినే చుట్టి ఇచ్చింది. ఆ చాంబరుకు తయారు ప్యాకింగు లోకంలో ఎక్కడా దొరకదు మరి.

ఆ సాయంత్రం వరండాలో షీటును చాంబరు మీద పరిచి, నిదానం చిన్న సుత్తితో అంచు వెంట మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. అంచు పదునుకు బెండు దానంతటదే తెగింది. రంధ్రాలు భార్య చేసింది. వదిన బోల్టులు తుడిచి వరసగా అందించింది. ఇలాంటిచోట తొందరపడ్డవాడు ఒక మూల బిగించేస్తాడు, బెండు నలిగి ఇంకో మూల కారుతుంది. నిదానం ఒక మూల కొంచెం, ఎదుటి మూల కొంచెం, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకొంచెం, అలా చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

“ఏం మరిదిగారూ, బిగిస్తున్నారా, బతిమాలుతున్నారా?” అంది వదిన.

“రెండూను వదినా.”

ఆదివారం అందరూ వ్యానెక్కారు. తోడల్లుడు ఇంకా నమ్మలేదు. దారిలో టీకొట్టు దగ్గర ఆపితే, అందరూ టీ తాగుతుంటే, అతను రోడ్డు మీద బోర్లా పడుకుని బండి కిందికి చూశాడు. చుక్క కూడా లేదు. “ఇప్పుడే కదా బయల్దేరాం,” అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. సైకిళ్ళు వాళ్ళను దాటిపోయాయి. వదినకు కడుపులో తిప్పలేదు, కళ్ళు తిరగలేదు. దారి పొడుగునా ముందు సీట్లో కూర్చుని ఆవిడ దానిమ్మ గింజలు వలుచుకు తింటూనే ఉంది.

చివరి మలుపు తిరగ్గానే ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. బండి ఆగిందో లేదో దిగి, చెప్పులు అక్కడే వదిలేసి, ఇసకలో పరుగులాంటి నడక మొదలెట్టింది. వెనకాల చెల్లెళ్ళిద్దరూ. నిదానం కూడా, జీవితంలో మొదటిసారి చక్రానికి రాయి పెట్టకుండా, వాళ్ళ వెంట పడ్డాడు. మొదటి అల వదిన కాళ్ళను ముంచింది, ఆవిడ కేక పెట్టింది, ఆ కేకకు ముగ్గురూ నవ్వారు.

కాసేపటికి తోడల్లుడి భార్య చుట్టూ చూసుకుని, వెనక్కి తిరిగి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. దూరంగా వ్యాను కిందినుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

“ఏమండీ! సముద్రం అక్కడ కాదండీ, ఇక్కడుంది!”