పైనుంచి కొట్టుకొచ్చినవి

కాలువకి నీళ్ళు కట్టేసి పన్నెండు రోజులైంది. పొద్దున్నే వంటింటి కిటికీ తీస్తే కుళ్ళిన గుర్రపుడెక్క, నల్లబడిన బురద, ఎండకి మెత్తబడిన ప్లాస్టిక్కు, ఎవరో పారేసిన కోడి ఈకలు, అన్నీ కలిసిన వాసన ఇల్లంతా నిండిపోతుంది. మా ఆవిడ సాంబ్రాణి వెలిగించి కిటికీ మూసేస్తుంది. అమలాపురంలో కాలువ గట్టున ఇల్లు అంటే ఒకప్పుడు గొప్ప. ఇప్పుడు మేడ మీద వాటా చూడ్డానికి వచ్చేవాళ్ళు కిటికీలు ఎటువైపున్నాయో ముందు అడుగుతున్నారు.

నా చిన్నప్పుడూ వేసవిలో కాలువ కట్టేసేవారు. అప్పుడూ వాసన వచ్చేది, కానీ ఆ వాసనకి మాకు ఆకలేసేది. నీళ్ళు మోకాళ్ళ లోతుకి, చీలమండల లోతుకి దిగిపోయి, ఆఖరికి మడుగులు మడుగులుగా మిగిలినప్పుడు, ఊరి పిల్లలందరం గోచీలు బిగించి బురదలో దిగి కొర్రమీనుల్నీ మట్టగిడసల్నీ చేతుల్తో తడిమి పట్టుకునేవాళ్ళం. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఏడ్చుకుంటూ గట్టెక్కి, మామ్మ పసుపు అద్దగానే మళ్ళీ దూకేవాళ్ళం. పెద్దవాళ్ళు ఆ ఒండ్రు మట్టిని తట్టలతో ఎత్తి కొబ్బరి చెట్ల మొదళ్ళకి పోయించేవారు. సాయంత్రానికి ప్రతి పెరట్లోంచీ మామిడికాయ వేసిన చేపల పులుసు ఘుమఘుమలాడేది. నీళ్ళున్న రోజుల్లో తాగేది ఆ కాలువ నీళ్ళే. ఎర్రగా వచ్చే కొత్త నీటిని కుండలో పోసి, కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీస్తే, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు కొబ్బరి నీళ్ళలా తేరేవి. ఆ మాట చెబితే మా మనవరాలు మొహం చిట్లించి, "ఛీ, ఇందులోవా తాతయ్యా!" అంది మొన్న.

రేవులకి అప్పుడు ఒక వరస ఉండేది. అన్నిటికీ ఎగువన మంచినీళ్ళ రేవు, దాని కింద స్నానాల రేవు, ఇంకా కింద చాకిరేవు, అన్నిటికీ దిగువన గేదెల రేవు. ఆ వరస తప్పకుండా చూసేది లస్కరు సత్యంగారు. లస్కరంటే కాలువ కాపలా చూసే చిరుద్యోగి. ఖాకీ నిక్కరు, నెత్తిన తువ్వాలు, చేతిలో వెదురు గెడతో రోజూ గట్టు పొడుగునా నడిచేవాడు. తిట్టేవాడు కాదు. తిట్టినా బాగుండును అనిపించేంత మర్యాదగా మాట్లాడేవాడు. ఎవరైనా పైరేవులో గేదెని దింపితే, "ఏవండోయ్, గేదె మీదెక్కిన దొరగారూ! తమరు పన్నీటితో తలంటుకుంటన్నారాండీ? ఆ కిందకి దయచేస్తే మేం కాసిని మంచినీళ్ళు తాగుతామండి" అనేవాడు. గట్టు మీదున్న ఆడవాళ్ళంతా నవ్వేవారు. దొరగారు దిగువకి నడిచేవాడు.

కాలువలో ఏమీ వేసేవాళ్ళం కాదని చెప్పను. వేసేవాళ్ళం. పూజ చేసిన పువ్వులు, పాతబడిన దేవుడి పటాలు, చిరిగిన పుస్తకాల కాగితాలు, కాలికింద పడకూడనిది ఏదైనా సరే మామ్మ నా చేతికిచ్చి కాలువలో కలిపి రమ్మనేది. పారే నీటిలో వేస్తే పాపం లేదన్నది మా ఇంటి నమ్మకం. పువ్వులు కుళ్ళేవి, కాగితాలు కరిగేవి, చేపలు కొంత తినేవి. మా కాలువ శుభ్రంగా ఉండటానికి మా మంచితనం కారణం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా చేతుల్లో కుళ్ళిపోని వస్తువు లేదు, అంతే.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, కాలువ ఇంకా కట్టేసి ఉన్నప్పుడే, మా అక్క పెళ్ళయింది. పలివెల నుంచి వంటవాళ్ళు, ముక్తేశ్వరం నుంచి చుట్టాలు వచ్చారు. కొబ్బరాకుల పందిరి కింద మూడు పూటల భోజనాలు, నేతి వాసన, పనసపొట్టు కూర ఆవఘాటు, పులిహోర గంగాళాలు. ఎంగిలి విస్తళ్ళు కొబ్బరితోటలో తవ్వించిన గోతిలో వేయించాలి. పనివాళ్ళ వెంట ఉండి గొయ్యి చూపించే పని నాన్నగారు నాకు అప్పజెప్పారు. తోట దూరం, ఎండ చురచురలాడుతోంది, లోపల బొబ్బట్లు వడ్డిస్తున్నారు. "ఎండిన కాలువే కదా, ఇక్కడే పోసెయ్యండి. నీళ్ళొస్తే అవే పోతాయి" అన్నాను. రెండు బళ్ళ విస్తళ్ళు తూము పక్కన కాలువలో పోసేశారు.

నాలుగో రోజున కాలువ వదిలారు. కొత్త నీరు ఎండుటాకుల్నీ కప్పల్నీ తోసుకుంటూ, నురగలు కక్కుతూ వస్తుంటే మామ్మ పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టింది. మర్నాటికల్లా తూము నోరు పూడుకుపోయింది. దాని కింద నారుమళ్ళకి మూడు రోజులు నీరందలేదు. రైతులు గట్టు మీదకి వచ్చి గోల చేశారు. సత్యంగారు మునిగి, తూము నోట్లోంచి చీకిపోయిన విస్తళ్ళని చేతులతో లాగి గట్టున పోశాడు. ఒళ్ళంతా కంపు. అన్నం మెతుకులు జుట్టులో. ఊపిరి తీసుకుని అందరివైపూ చూసి అడిగాడు.

"ఇంత సంబరం ఎవరింట్లో జరిగిందండీ?"

ఆ వారం మా గట్టున పెళ్ళయింది మా ఒక్క ఇంట్లోనే. అందరూ మా నాన్నగారి మొహం చూశారు. ఆయన నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను. ఆయనకి అర్థమైంది.

"పైనుంచి కొట్టుకొచ్చి ఉంటాయి సత్యం," అన్నారు నాన్నగారు.

"ఆయ్," అన్నాడు సత్యంగారు.

ఆ 'ఆయ్' నాకిప్పటికీ వినపడుతుంది. తూము చూసుకోలేదని పైఅధికారి ఆయన్ని కాలువ చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊరికి మార్చేశాడు. ఆయన కూతురు కాంతం నా క్లాసే. లెక్కల్లో నాకంటే ముందుండేది. సామాను బండి మీద వంటపాత్రల మధ్య కూర్చుని వెళ్ళిపోయింది. చెప్పేస్తే ఆగిపోతుందేమో అనుకుంటూ బండి మలుపు తిరిగేదాకా చూశాను. చెప్పలేదు.

పెద్దయ్యాక పెళ్ళిళ్ళ సామాను దుకాణం పెట్టాను. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు. తర్వాత థర్మాకోలు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, తాంబూలం పెట్టిచ్చే నీలం కవర్లు. భోజనాలయ్యాక శుభ్రం చేసి వెళ్ళే పని కూడా మాదే. చెత్త ఎక్కడ పోస్తున్నారని నా మనుషుల్ని పాతికేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. తెలుసు కనకే అడగలేదు.

సత్యంగారి సంగతి మాత్రం వయసు మీదపడేకొద్దీ ముల్లులా గుచ్చుతూ వచ్చింది. మొన్న వారం బస్సెక్కి ఆ శివారు ఊరు వెళ్ళాను. ఆయన పోయి చాలా కాలమైంది. కాంతం ఉంది, నెరిసిన జుట్టుతో, ఎకరం పొలం స్వయంగా చేసుకుంటూ. అరుగు మీద కూర్చోబెట్టి, "కొనుక్కున్న టిన్ను నీళ్ళేనండి, బయపడక్కర్లేదు, తాగండి" అని గ్లాసు ఇచ్చింది. నేను విస్తళ్ళ సంగతంతా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని, "అదాండీ," అంది. "నాన్న ఎప్పుడూ చెప్పలేదండి. ఇక్కడ హైస్కూలు లేక నా చదువు ఆగిపోయింది గానండి, అది మీ ఒక్కరి మీదేం పెడతాం. చిన్నపిల్లోరు కదండీ అప్పుడు." నవ్వింది. "అయినా మీరు మాకు కొత్తేంటండీ, చిట్టిబాబు గారూ! కొత్త నీరొచ్చినప్పుడల్లా మా రేవుకి తమరు దయచేస్తానే ఉన్నారు కదండీ."

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి పెరట్లోకి తీసుకెళ్ళింది. కంచె పక్కన కాలువలోంచి తీసి పోసిన చెత్తకుప్ప ఉంది. కర్రతో కదిపింది. నీలం కవర్లు, వాటి మీద నా పేరు, నా దుకాణం పేరు, ఫోను నెంబరు కూడా.

"మా పొలంలోకొచ్చే బోదె నోట్లో అడ్డం పడతాయండి. తియ్యకపోతే మడికి నీరెక్కదు. ఓసారి ఫోను చేద్దావనుకున్నానండి, నెంబరుంది కదా అని. పెద్దోరు, ఏవనుకుంటారో అని ఊరుకున్నాను."

బస్సులో తిరిగి వస్తూ నన్ను నేను చూసుకున్నాను. పదకొండేళ్ళ పిల్లవాడి తప్పు ఒప్పుకోవడం తేలిక. అందులో కాస్త తియ్యదనం కూడా ఉంది, ఎదుటివాళ్ళు తల నిమిరి పంపిస్తారు. నేను ఆ తియ్యదనం కోసమే అంత దూరం వెళ్ళాను. పెద్దమనిషి పాతికేళ్ళ తప్పుని మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళాను. అది నాకంటే ముందే వెళ్ళి అక్కడ కూర్చుంది.

ఇప్పుడు మా గట్టున రేవుల మెట్లు లేవు. లస్కరు గెడ చప్పుడు లేదు. చిల్లగింజ అడిగితే పచారీ కొట్టువాడు ఫోనులో వెతుకుతున్నాడు. నీలం కవర్ల కట్టలు దుకాణంలో ఇంకా ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వడం లేదన్నంతవరకే చెప్పగలను. నిన్న పొద్దున్న నలుగురు పనివాళ్ళతో ఎండిన కాలువలోకి దిగాను. మొదటి తట్ట నిండకముందే వంతెన మీద జనం పోగయ్యారు. పక్కింటి వెంకట్రావు గారు పైనుంచి కేకేశారు.

"ఏవండోయ్ చిట్టిబాబు గారూ! వచ్చే ఎలక్షన్లలో వార్డుకి నిలబడతన్నారేటండీ? ఊరందరి చెత్తా తమరెత్తుతున్నారు!"

అందరూ నవ్వారు. నేను తట్ట దించి, నడుం నిలబెట్టుకుని పైకి చూశాను.

"ఊరిది కాదండి," అన్నాను, వంతెన మీద ఆఖరివాడికి కూడా వినపడేలా. "నాది."