ఎక్స్‌టర్నల్ గారి భోజనం

బందరులో డిగ్రీ మొదటి ఏడాదంతా, 'ఆక్వాకల్చర్ అంటే చేపలు, రొయ్యల పెంపకం' మొదలుకుని నిర్వచనాలు బట్టీ పట్టాను. హాలు నిండా ఉన్న మేమందరం లెక్చరర్ గారు చెప్పింది తలెత్తకుండా రాసుకునేవాళ్ళం. అర్థం కాలేదంటే, "అవన్నీ ఫైనలియర్‌లో వస్తాయమ్మా, ఇప్పటికి రాసుకో" అనేవారు. నమ్మాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఫైనలియర్‌లో ఆక్వాకల్చర్ ప్రత్యేక సబ్జెక్టుగా తీసుకున్నవాళ్ళం పట్టుమని పదిమంది లేము. ప్రాజెక్టు ఉంది, వైవా ఉంది, బయటి కాలేజీ నుంచి మార్కులు వెయ్యడానికి ఎక్స్‌టర్నల్ వస్తారు. అసలు చదువు ఇప్పుడు మొదలైందని సంబరపడ్డాను. దివిసీమలో మా బాబాయి చెరువులో రొయ్యలు మేత ముట్టకుండా, గట్టు వారకి వచ్చి చచ్చిపోతున్నాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. మందులమ్మేవాళ్ళు మాత్రం తలో డబ్బా అంటగడుతున్నారు. అదే నా ప్రాజెక్టు. వైవా రోజు పొద్దున్నే బాబాయి జబ్బు రొయ్యల్ని ఐసు పెట్టెలో సర్ది, "పెద్ద సారు కదా, ఒక్కసారి చూసి చెప్పమనమ్మా. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసుకోవాల్సిందే" అని నన్ను బస్సెక్కించాడు.

ఎక్స్‌టర్నల్ గారికి విద్యార్థులే భోజనం పెట్టడం మా కాలేజీ ఆనవాయితీ. ఒకరు నాటుకోడి తెచ్చారు, ఇంకొకరు పీతలు. నేను పెట్టె ల్యాబులో పెట్టి, పక్క గదిలో చార్టులు అంటించి వచ్చేసరికి అది లేదు.

"దివిసీమ రొయ్యలు తెచ్చావుగా, వంటకి పంపించేశానమ్మా" అన్నారు మా లెక్చరర్ గారు, మెచ్చుకోలుగా.

"అవి జబ్బువండీ! వైవాలో చూపించడానికి తెచ్చానండీ!"

ఆయన మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి, "ఉడికితే ఏం కాదులే. ఆయనకి మాత్రం చెప్పకు" అన్నారు.

ఎక్స్‌టర్నల్ గారు రొయ్యల వేపుడు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. వేళ్ళు కూడా నాకారు. తర్వాత పళ్ళు కుట్టుకుంటూ వైవాకి కూర్చున్నారు. నా ప్రాజెక్టు అట్ట కూడా తిప్పలేదు.

"ఆక్వాకల్చర్ అంటే ఏమిటో చెప్పమ్మా."

మొదటి ఏడాది మొదటి పాఠం. అప్పగించాను. ఉండబట్టలేక, మా చెరువులో రొయ్యలు ఎందుకు చస్తున్నాయని అడిగాను.

"సిలబస్‌లో లేనివి మనకెందుకమ్మా" అని త్రేన్చి, ఫుల్ మార్కులు వేశారు. ఆ మార్కులు చూస్తే అసహ్యం వేసింది. మూడేళ్ళు ఎదురుచూసింది దీనికోసమా?

సాయంత్రం బస్సు దిగేసరికి బాబాయి ఎదురొచ్చాడు.

"సారుకి చూపించావా అమ్మా? ఏమన్నారు?"

"రుచిగా ఉన్నాయన్నారు బాబాయ్."