గులాబీ రంగు ఆకాశం

1955 జూన్‌లో మద్రాసు పురసవాక్కంలోని ఒక తెలుగు మిడిల్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేరాను. మాది బందరు. హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్ష పాసైన సర్టిఫికెట్టును ట్రంకు పెట్టెలో అన్నిటికంటే పైన, తియ్యగానే కనపడేట్టు పెట్టుకుని రైలెక్కాను. అదీ అప్పటి నా వాలకం. ఉద్యోగం ప్రొబేషను మీద. అంటే ఏడాది పని చూసి, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు బడి రిమార్కుల పుస్తకంలో సరేనని రాస్తేనే ఖాయం. ఖాయమయ్యాకే కాపురం పెడతానని మామగారికి మాటిచ్చాను. కాబట్టి ఆ ఏడాది నా ధ్యాసంతా ఇన్‌స్పెక్షను మీదే.

అప్పట్లో డ్రాయింగుకు ఒక వరస ఉండేది. మొదట ఫ్రీహాండు, అంటే స్కేలు లేకుండా గీత. తరవాత ఆబ్జెక్ట్ డ్రాయింగు, అంటే బల్ల మీద చెంబో కూజానో పెట్టి ఉన్నది ఉన్నట్టు వెయ్యడం. రంగులు ఆఖర్న. ఆకు పచ్చన, ఆకాశం నీలం. ఇందులో వాదించడానికి ఏముందని నా నమ్మకం.

జనవరిలో హెడ్మాస్టరుగారు పిలిచారు. నెల్లూరాయన. సగం చెప్పి, మిగతా సగం మనమే గ్రహించుకోవాలనుకునే రకం. వార్షికోత్సవానికి సెకండు ఫారం, అంటే ఏడో తరగతి, పిల్లలచేత పెద్ద రంగుల తెర వేయించాలన్నారు. అది నేర్పడానికి కోడంబాక్కం స్టూడియోలో సెట్టింగులకు రంగులు వేసే మునుస్వామి అనే ఆయన శనివారం శనివారం వస్తాడన్నారు. మార్చిలో ఇన్‌స్పెక్టరు కూడా ఆ తెర చూస్తారని చెప్పి, "నువ్వు పక్కనుండి చూసుకోవయ్యా" అన్నారు. ఏం చూసుకోవాలో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మునుస్వామి గోనెసంచి నిండా స్టూడియోలో మిగిలిన పొడి రంగులు మోసుకొచ్చాడు. తరాలనాడే మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం. నెమ్మదైన మనిషి. పిల్లలు గంటలోనే "అన్నా, అన్నా" అని చుట్టుకున్నారు. హాల్లో గుడ్డ పరిచి, కోట, కోట ముందు పూలతోట గీయించాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత ఆకాశానికి రంగు కలిపాడు. లేత గులాబీ!

తప్పు కలిపాడేమోనని మెల్లిగా అడిగాను.

"సంచిలో ఇదే జాస్తిగా ఉంది సార్. రంగు ఏదైతే ఏం? వెలుతురూ మసకా సరిగ్గా కుదరాల, అంతే" అన్నాడు.

నాకు ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. అర్థమైనట్టు మాత్రం తల ఊపాను.

ఆయన మెడలో దారానికి కట్టిన ముదురు తేనెరంగు అద్దం ముక్క ఒకటి వేలాడుతుండేది. రంగు పూసినప్పుడల్లా దాన్ని కంటికి పెట్టుకుని తెరను చూసేవాడు. పిల్లలకూ వరసగా ఇచ్చేవాడు. వాళ్ళు చూసి, "అబ్బ, కుదిరిందన్నా!" అని గంతులేసేవాళ్ళు. "ఇదో సార్, మీరూ ఒక తూరి చూడండి" అని నాకూ చాపాడు. వద్దన్నాను. హయ్యర్ గ్రేడ్ పాసైనవాడికి రంగుటద్దంలోంచి చూడాల్సిన ఖర్మేమిటి?

రెండో వారం ఆకులు కావిరంగులో తేలాయి. వాటి మధ్య పూలు లేత ఆకుపచ్చ. సుగుణ అని మిల్లు కార్మికుడి కూతురు, క్లాసులో చెయ్యి తిరిగిన పిల్ల, ఆ పూలే వేస్తోంది.

"ఆకు ఏ రంగమ్మా?" అని అడిగాను.

"పచ్చ సార్."

"మరి ఇదేమిటి?"

"ఆడ పూలు తేలాల కదా సార్" అంది. అది టీచరూ, నేను సెకండు ఫారమూ అన్నట్టుంది ఆ చెప్పడం.

హెడ్మాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తలెత్తకుండానే, స్టూడియో మనిషి కదా, ఏదో లెక్క ఉంటుందిలే అన్నారు. ఆ లెక్కేమిటో ఆయనకూ తెలియదని నాకు తోచలేదు. గదికి పోయి పుస్తకాలన్నీ తిరగేశాను. కొత్తరకం చిత్రకళ ఏమన్నా వచ్చిందా, నేను బందరులో ఉండి వెనకబడిపోయానా అని బెంగ పట్టుకుంది. ఒక దశలో నా కళ్ళ మీదే అనుమానం వచ్చి, వీధి చివర వేపచెట్టు పచ్చగానే ఉందా అని నిలబడి చూశాను. పచ్చగానే ఉంది. మునుస్వామి ఇంకో రెండుసార్లు అద్దం చాపాడు. రెండుసార్లూ వద్దన్నాను.

మార్చిలో ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తలపాగా, చేతికర్ర. పట్టపగటి వెలుతురులో ఆ తెర ఎదుట నిలబడి, "ఆకాశానికేమైందయ్యా?" అన్నారు. బయటి నుంచి వచ్చిన ఆర్టిస్టు వేయించాడని నసిగాను. "మరి నువ్వెందుకున్నట్టు?" అన్నారు. ఇంగ్లీషులో ఆయన రాసినదానికి తెలుగు ఇది: డ్రాయింగ్ మాస్టరుకు రంగుల ప్రాథమిక జ్ఞానం లేదు, ప్రొబేషను ఒక ఏడాది పొడిగించడమైనది. ఆ రాత్రి బందరుకు ఉత్తరం రాయబోయి, "క్షేమం" అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ శనివారం మునుస్వామి రాగానే నా కడుపులోదంతా కక్కేశాను. ఆయన నిర్ఘాంతపోయాడు.

"అయ్యో, ఈ తెర ముందర నిలబడి బడంతా ఫోటో దిగుతారనే కదా సార్ నాకు చెప్పింది! కంటికని ఒక్క మాట చెప్పుంటే నీలమే తెచ్చుంటానే. పదైదేండ్లుగా కెమేరాకే వేస్తా ఉండాను."

అద్దం తీసి నా చేతిలో పెట్టాడు. ఈసారి చూశాను. రంగులన్నీ చచ్చిపోయి, వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. ఆకాశం తెల్లగా విచ్చుకుంది. ఆకులు చిక్కగా నలుపులోకి దిగాయి. వాటి మీద పూలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టుగా తేలాయి. నలుపు తెలుపు ఫిల్ములో పచ్చ ఆకు మీద ఎర్రపువ్వు వేస్తే రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయట. స్టూడియోల్లో అందరికీ తెలిసిన సంగతి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హెడ్మాస్టరుగారిని నిలదీస్తే, "ఇద్దరికీ చెప్పానుగదయ్యా" అన్నారు. చెప్పారు, నిజమే. చెరో సగం.

వార్షికోత్సవం రోజున ఫోటో తీశారు. మునుస్వామి వెళ్ళిపోతూ అద్దాన్ని సుగుణకిచ్చాడు. ఫోటో హెడ్మాస్టరుగారి గదిలో గోడకెక్కింది.

మరుసటేడు ఆ ఇన్‌స్పెక్టరుగారే వచ్చారు. ఫోటో ముందు ఆగారు. "ఇదీ తెరంటే! పోయినేడు చూసిన ఆ గులాబీ దరిద్రం ఎక్కడ, ఇదెక్కడ? నీ పనేనా?" అని నా వంక తిరిగారు. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. అవునంటే చాలు, ఆ క్షణాన నా ఉద్యోగం ఖాయం. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఫోటోలో ముందు వరసలోనే సుగుణ కూర్చుని ఉంది, మునుస్వామి చివర నిలబడి ఉన్నాడు.

"అదే తెర సార్. నాకప్పుడు అర్థం కాలేదు" అన్నాను.

ఆయన నమ్మలేదు. తెర తెప్పించి వరండాలో కట్టించారు. థర్డు ఫారంలోంచి సుగుణను పిలిపించాను. అది అద్దం ఆయనకు చాపి, "ఒక తూరి చూడండి సార్" అంది. నేను మూడుసార్లు వద్దన్న అద్దాన్ని ఆయన మొదటిసారే తీసుకున్నారు. చాలాసేపు చూశారు. రిమార్కు ఒకసారి రాశాక కొట్టివేయడానికి రూలు ఒప్పుకోదు, కింద మరొకటి రాయాల్సిందే. పుస్తకం తెప్పించి రాశారు: "పై రిమార్కు అద్దం లేకుండా రాసినది. ప్రొబేషను ముగిసినది."

ఆ నెలలోనే మా ఆవిడ బందరు నుంచి వచ్చింది, అనుకున్నదానికి ఏడాది ఆలస్యంగా. ఆ తరవాత నా సర్వీసులో బొమ్మలాటవాళ్ళొచ్చారు, కుమ్మరులొచ్చారు, చెక్కపని వాళ్ళొచ్చారు. ఎవరొచ్చినా మొదటిరోజే హెడ్మాస్టరును ఎదురుగా కూర్చోబెట్టి రెండు సంగతులు అడిగేవాణ్ణి: ఇది ఎవరు చూస్తారు, దేనితో చూస్తారు? పనివాడు ఏదన్నా చూడమని చాపితే మొదటిసారే తీసుకునేవాణ్ణి.