మలావీకి వచ్చిన మనూరివాళ్ళు

తెలుగు మరిచిపోతానేమోనని నాకు భయంగా ఉండేది. ఆఫ్రికాలో, మలావీ దేశంలో నేనుండే ఊళ్ళో తెలుగు తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. అందుకని వంట చేసుకుంటూ నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. మాటలు అయిపోతే బస్సు కండక్టర్‌లా అరిచేదాన్ని. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, పరిటాల, బెజవాడ! పక్కింటి ముసలామె అదేదో ప్రార్థన అనుకుని గోడ అవతలి నుంచి ఆమెన్ అనేది.

ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పడానికి వలంటీర్‌గా రెండేళ్ళకని వచ్చి ఎనిమిదేళ్ళు ఉండిపోయాను. మా ఊళ్ళో దీన్ని త్యాగం అనుకుంటారు. చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన కూడా చేస్తారట. త్యాగమూ లేదు, పాడూ లేదు. ఇక్కడ నేనెవరి పిల్లనో ఎవరికీ పట్టదు. టీచరమ్మ వచ్చింది, టీచరమ్మ వెళ్ళింది, అంతే. ఆ హాయి కోసమే ఉండిపోయాను. కానీ పొద్దుగూకి తలుపు వేసుకున్నాక ఎంత ఒంటరిగా ఉండేదంటే, గోడ మీద బల్లి కనిపిస్తే దాన్నే పలకరించేదాన్ని.

పోయినేడు నా గడువు అయిపోవచ్చింది. ఇక చాలు, ఇంటికి వెళ్ళిపోదామని పెట్టె సర్దుకుంటుంటే ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కొత్త వలంటీర్లు వస్తున్నారు, భార్యాభర్తలు, మీ భాషవాళ్ళే అని. ఆయనది మాలాగే నందిగామ పక్క ఊరు, ఆమెది జగ్గయ్యపేట. ఆ పూట నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంకో రెండేళ్ళు ఉంటానని అప్పటికప్పుడే చెప్పేశాను.

అమ్మ ఫోన్లో తిట్టింది. "మళ్ళీ రెండేళ్ళా? నీకేం పుట్టిందే?"

"మనూరివాళ్ళు వస్తున్నారమ్మా!" అన్నాను.

అమ్మ తిట్లు ఆపి, "మనూరివాళ్ళంటే ఎవరే?" అంది. సంతోషంలో నేను ఆ మాట పట్టించుకోలేదు.

బస్సు దిగుతూనే ఆ అమ్మాయి "అక్కా!" అంటూ నా రెండు చేతులూ పట్టేసుకుంది. ఆ ఒక్క పిలుపుకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పూట భోజనం మా ఇంట్లోనే. పెరట్లో విత్తనం వేసి పెంచుకున్న గోంగూరతో పచ్చడి నూరాను. పప్పు, చారు, అప్పడాలు కూడా చేశాను. "ఇంకొంచెం పచ్చడెయ్యక్కా, దారంతా బ్రెడ్డు తిని చచ్చామనుకో," అంటూ ఆమె తింటుంటే వడ్డిస్తూనే ఉన్నాను. మాటలు కూడా అలాగే వరదలా వచ్చాయి. నందిగామ బస్టాండు, కాలేజీ, పరిటాల హనుమంతుడి విగ్రహం, జగ్గయ్యపేటలో బట్టల కొట్లు. ఎనిమిదేళ్ళ మాటలన్నీ ఆ గంటలోనే మాట్లాడేశాను.

అప్పుడు ఆయన అడిగాడు. "ఇంతకీ మీ ఊళ్ళో ఎటేపండీ మీ ఇల్లు?"

ఇది దారి తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదు. ఏ వైపు ఏ కులంవాళ్ళు ఉంటారో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కులమేమిటని మొహం మీద అడిగితే మర్యాద కాదు కాబట్టి ఇలా అడుగుతారు. కాలేజీలో మొదటిరోజు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు కూడా నన్ను ఇదే అడిగారు. నేను చెప్పాక పక్కనున్న క్యారేజీ కొంచెం అవతలికి జరిగింది. నేను ఇంత దూరం వచ్చింది ఆ ప్రశ్న వినపడని చోటు కోసమే. అది మాత్రం నన్ను వెతుక్కుంటూ విమానమెక్కి వచ్చింది.

"చర్చి వెనకాలండీ. కాలనీలో," అన్నాను.

"ఓహో," అన్నాడు. ఏదైనా మంచిమాట అనాలనుకున్నాడు పాపం. "మీవాళ్ళు మా చేలో మిరపకాయ కోతలకొచ్చేవాళ్ళండి. చాలా నమ్మకస్తులు."

"మా అమ్మ కూడా వెళ్ళేదండి కోతలకి," అని చారు పోశాను. కోపంలో కొంచెం కింద ఒలకబోశాను.

అంతమాత్రాన వాళ్ళు లేచిపోలేదు. కడుపునిండా తిన్నారు, వంట బాగుందన్నారు. మర్నాడు దారిలో కనపడి ఆ అమ్మాయి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అంది. అంతే, ఇక అక్క అన్న పిలుపు మళ్ళీ వినలేదు. ఏమని పోట్లాడను? మేడమ్ అనడం తప్పా? నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చారు, గుమ్మంలో నిలబడి. వాళ్ళింటి పక్కగా వెళ్తుంటే కిటికీలోంచి తెలుగు వినిపించేది. కూరలో ఉప్పెక్కువైందని ఆయన, అయితే రేపు నువ్వే వండమని ఆమె. తలుపు తట్టగానే ఆ తెలుగు ఆగిపోయి ఇంగ్లీషు మొదలయ్యేది. వాళ్ళు రాకముందు ఒక్కదాన్నే ఉన్నా నాకింత దిగులు లేదు.

మొన్న ఇంకో వలంటీరు వచ్చింది, కంచికచర్ల అమ్మాయి. బస్టాండుకి వెళ్ళి తీసుకురమ్మని ఆఫీసువాళ్ళు నాకు చెప్పారు. ఈసారి మోసపోకూడదని దారిపొడుగునా నిశ్చయించుకుంటూ వెళ్ళాను. ఆ పిల్ల దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బస్సు దిగి, నన్ను చూసి, "తెలుగువాళ్ళాండీ?" అంది. సంతోషంతో మొహం చేటంత చేసుకుంది.

"ఆఁ. మాది నందిగామ దగ్గర. చర్చి వెనకాల కాలనీ. మా అమ్మ మిరపకాయ కోతలకెళ్ళేది. ఇంకేమన్నా అడగాలా?" అన్నాను.

ఆ పిల్ల బిత్తరపోయింది. "బాత్రూమ్ ఎక్కడుందో అడుగుదామనండి..." అంది.

చూపించాను. బయటికి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆఫీసు వ్యానులో నా పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయింది. నేను ఇన్నాళ్ళూ కోరుకున్న తెలుగు మనిషి పక్కసీట్లో ఉంది, ఒక్క మాట లేదు. ఒకవేళ వాళ్ళమ్మ కూడా ఎవరి చేలోకో కోతలకి వెళ్ళేదేమో. ఆ పిల్ల కూడా ఆ ప్రశ్నకే భయపడి ఇంత దూరం వచ్చిందేమో. తెలుసుకోవాలంటే ఒకటే దారి, ఊళ్ళో ఎటేపమ్మా అని నేనే అడగాలి. అది నోటిదాకా వస్తుంటే, ఇల్లు చేరేదాకా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.