గీత దాటనివ్వని పెద్దాయన

మా పక్కింటి పెద్దాయన పోయారు. ఆదివారం పొద్దున్న పూజకు పూలు కోస్తుంటే, కంచె అవతల నుంచి ఆయన కూతురు చెప్పింది. నిద్రలోనే వెళ్ళిపోయారట.

మేం వచ్చి స్థిరపడ్డ ఈ పరాయిదేశపు పాపటోయిటోయి ఊళ్ళో, మా వీధివాళ్ళకు ఆయన నెమ్మదిగా నడిచే ఒక ముసలాయన. పోలండ్‌లో మాత్రం ఒకప్పుడు పేరున్న ఫుట్‌బాల్ డిఫెండర్. గోల్ కొట్టే పని కాదు ఆయనది, అవతలివాణ్ణి కొట్టనివ్వకపోవడం. "నా ఆటంతా కలిపి ఒక్క గోల్ కొట్టాను అక్కా. అదీ మా గోల్‌లోకే!" అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి నవ్వేవారు.

'అక్కా' అనడం మా తమ్ముణ్ణి చూసి నేర్చుకున్నారు. వయసులో నాకంటే చాలా పెద్ద. "అక్కా, నీకు పోలండ్ తమ్ముడు దొరికాడుగా, ఇంక నేనెందుకులే!" అని మావాడు ఏడిపించేవాడు.

ఆయనకో అలవాటుండేది. నిలబడి మాట్లాడుతూనే కుడిచెయ్యి వెనక్కి చాచి గాలిలో తడిమేవారు. "బంతిని కళ్ళతో చూడాలి, మనిషిని వీపుతో చూడాలి" అనేవారు. డెయిరీలో పాల కోసం క్యూలో నిలబడినా అంతే. వెనకున్నవాళ్ళు కాస్త జరిగేవారు.

మా గుమ్మంలో రోజూ పిండితో ముగ్గు పెడతాను. కొత్తలో దాన్ని మైదానంలో గీసే తెల్లగీత అనుకున్నారు. తొక్కకుండా అవతలే ఆగి పిలిచేవారు. లక్ష్మీదేవి కోసమని చెప్పాను. "రమ్మనడానికా! మేం రావద్దనడానికి గీస్తాం" అని ఆశ్చర్యపోయారు.

ఈ చలికాలం మంచం పట్టారు. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నారు. కూతురు పోలండ్ నుంచి బయల్దేరడానికి ఇంకా టైము పట్టేలా ఉంది. ఫోన్ కార్డు గీకి నెంబరు కలిపిచ్చాను. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడి పెట్టేశారు. "అమ్మాయొచ్చేదాకా ఉంటానని మాటిచ్చాను. కానీ వాడొచ్చేశాడు" అన్నారు.

"ఎవరండీ?"

"తొమ్మిదో నెంబరు."

ఏళ్ళ తరబడి ఆయన అంటిపెట్టుకుని కాచిన అవతలి జట్టు ఆటగాడు. చిన్నవయసులోనే పోయాడట.

"వాడి ఊపిరి నాకు బాగా తెలుసు. పెరటి వైపు వినిపిస్తోంది. నా కూతురొచ్చేదాకా లోపలికి రానివ్వను. ఆ గుమ్మానికి ఓ గీత గియ్యి అక్కా."

రమ్మని గీయడమే తెలిసిన చెయ్యి నాది. భగవంతుణ్ణి తలుచుకుని గీశాను.

అప్పటినుంచి మధ్యాహ్నాలు ఎప్పుడెళ్ళినా ఆయన లేచి, ఆ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉండేవారు. చెయ్యి వెనక్కి చాచి, వేళ్ళు ఎవరి చొక్కానో పట్టుకున్నట్టు ముడిచి. ఒకసారి ఎవరో నెట్టినట్టు ఆయన భుజం ముందుకు ఒరిగింది. చూస్తుండగానే నిలదొక్కుకున్నారు. నేను నామం చదువుకుంటూ పక్కనే కూర్చున్నాను. వెనక్కి మాత్రం చూడలేదు.

శనివారం కూతురు దిగింది. మా తమ్ముడే ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చాడు. తండ్రీకూతుళ్ళు చేతులు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో. సాయంత్రం నన్ను పిలిచారు.

"ఇంక చెరిపెయ్యి అక్కా. వాడూ అలిసిపోయుంటాడు."

తడిగుడ్డతో తుడిచేశాను. పెరట్లో గడ్డి మీద రెండు కుర్చీలు పక్కపక్కన వేయించారు. రెండోది తనకేమోనని కూతురు కూర్చోబోతే వద్దన్నారు. కుర్చీలు అక్కడే ఉంచి, ఆమె ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టింది.

ఆదివారం కబురు విని పెరట్లోంచే వాళ్ళింటికి నడిచాను. రాత్రంతా మంచు కురిసినట్టుంది. కంచె, గడ్డి, బట్టలారేసే తీగ, అన్నీ తెల్లగా ఉన్నాయి. కుర్చీలు రెండూ మాత్రం పొడిగా ఉన్నాయి.